సిస్టర్లకి ట్రాన్స్‌ఫర్ ఉంటాది, చెట్టుకి ఉండదు

మా పిన్ని కాథలిక్ సిస్టర్, అంటే నన్. అమ్మకి సొంత చెల్లెలు, ఇంటర్ అయిపోతానే కాన్వెంట్‌లో చేరింది, జీవితాంతం సిస్టర్‌గానే ఉంటానని నిత్య మాటపట్టు తీసుకుని చాలా ఏళ్ళయింది, అనంతపురం, కర్నూలు, కడప మూడు జిల్లాల్లోనూ పని చేసింది. ఈ మధ్య ఇంటికి వచ్చినప్పుడు మాటల మధ్యలో చెప్పింది, వాళ్ళ సభ (సిస్టర్ల సంఘాన్ని సభ అంటారు) మొత్తం, అంటే ఏయే దేశాల్లో వాళ్ళ ఇళ్ళున్నాయో అన్నీ కలిపి, ఈ భూమిని, నీళ్ళని కాపాడుకుంటామని రాతపూర్వకంగా మాట ఇచ్చినారంట, ఇంక ప్రతి కాన్వెంట్ తన ప్లాన్ తాను రాసి పైకి పంపాలంట. ఇంట్లో మిగతావాళ్ళు మొక్కలు నాటే ప్రోగ్రామ్ అనుకుని ఊరుకున్నారు. నాకు మాత్రం అప్పటినుంచి అదే తిరగతా ఉంది మనసులో, ఎందుకంటే నేను అనంతపురం జిల్లాలోనే సిస్టర్ల హాస్టల్‌లో ఉండి చదువుకున్నా, ఒక మంచి పని ఎట్లా మొదలవతాదో, ఎట్లా ఆగిపోతాదో ఆ ఆవరణలోనే చూసినా. అందుకే ఈ పోస్ట్. కొంచెం పొడుగు ఉంటాది, ఓపిగ్గా చదవండి.

ముందు తెలియనివాళ్ళకి కొంచెం వెనకాల కథ చెప్పాలి. 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు లౌదాతో సీ అని ఒక విశ్వలేఖ, అంటే లోకమంతటికీ పోపు రాసే పెద్ద లేఖ, రాసినారు, మే 24న సంతకం పెట్టినారు, జూన్ 18న బయటికి వచ్చింది. ఆ పేరు అస్సీసిలో పుట్టిన పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ పాడిన పాటలోది, సూర్యుణ్ణి అన్నా అని, నీళ్ళని చెల్లీ అని, భూమిని అక్కా, అమ్మా అని పిలుస్తా దేవుణ్ణి స్తుతించే పాట. లేఖ చదివితే పర్యావరణం ఒక్కటే కాదు, భూమి ఏడుపు, పేదోళ్ళ ఏడుపు రెండూ కలిపి వినాలి అంటాడాయన. తాగే నీళ్ళు మనిషికి ప్రాథమిక హక్కు అని సూటిగా రాసినాడు. ట్యాంకర్ కోసం రోడ్డు మీద కడవలు వరసగా పెట్టి కూర్చునే మన ఊర్లలో ఆ మాట ఎవరూ వివరించాల్సిన పని లేదు.

ఆ తర్వాత 2021 మే నెలలో వాటికన్ నుంచి లౌదాతో సీ యాక్షన్ ప్లాట్‌ఫామ్ అని మొదలుపెట్టినారు. ఏడేళ్ళ ప్రయాణం అన్నారు దాన్ని. కుటుంబాలు, విచారణలు (ఒక్కో చర్చి కింద ఉండే ఊర్లు, జనం), స్కూళ్ళు కాలేజీలు, ఆసుపత్రులు, వ్యాపారాలు, సంస్థలు, సిస్టర్ల లాంటి మఠవాస సభలు, ఇట్లా ఏడు రకాల వాళ్ళు చేరొచ్చు. చేరినోళ్ళు ముందు తమ ఇంటిని తాము చూసుకోవాల, కరెంటు ఎంత కాలస్తా ఉన్నాం, నీళ్ళు ఎంత, చెత్త ఎక్కడికి పోతా ఉంది, చుట్టుపక్కల పేదలతో మన సంబంధం ఎట్లా ఉంది అని, చూసుకున్నాక ఒక ప్లాన్ రాయాల, మళ్ళీ ఏడాదికి దాన్ని తిరగేసి చూసుకోవాల. అంతకుముందే 2018లో ప్రపంచంలోని సిస్టర్ల సభల పెద్దలందరి సంఘం రోమ్‌లో ఇట్లాంటి క్యాంపెయిన్ ఒకటి మొదలుపెట్టి ఉండింది కాబట్టి సిస్టర్లకి ఇది కొత్తగా నెత్తిన పెట్టిన పనేం కాదు. ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్ 21న కన్నుమూసినారు, ఆయన తర్వాత పోపు అయిన లియో గారు కూడా దీన్ని వదల్లేదు, ఆ ఏడాది జులైలోనే సృష్టి సంరక్షణ కోసం ప్రత్యేకంగా ఒక పూజ ప్రార్థనల వరస వచ్చింది.

బయటి దేశాల్లో సభలు మాట ఇచ్చినాయంటే అందులో పెద్ద భాగం డబ్బు గురించి ఉంటాది. వాళ్ళ దగ్గర ముసలి సిస్టర్ల వైద్యం కోసం, పెన్షన్ల కోసం దాచిన డబ్బు షేర్లలో ఉంటాది, ఆ డబ్బుని బొగ్గు, పెట్రోలు కంపెనీల్లోంచి తీసేస్తాం అంటారు, 2017 అక్టోబర్ 4న పునీత ఫ్రాన్సిస్ పండగ రోజు 40 కాథలిక్ సంస్థలు కలిసి అట్లా ప్రకటించినాయి. మంచిదే. కానీ మన రాయలసీమ కాన్వెంట్‌కి షేర్లు ఎక్కడుంటాయి, ఇక్కడ సిస్టర్ల చేతిలో ఉండేది నేల. స్కూలు, హాస్టలు, డిస్పెన్సరీ, వెనకాల రెండెకరాలో నాలుగెకరాలో, ఒక బోరు, ఒక పాత బావి. కర్నూలు మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం, ఏర్పడింది 1967లో, మా అనంతపురం దాని కిందికే వస్తాది, కడప మేత్రాసనం 1976లో. ఇన్ని దశాబ్దాల్లో ఊర్లో ఆస్తులు చేతులు మారినాయి, పొలాలు ప్లాట్లైనాయి, చెరువుల మీద కాలనీలు లేచినాయి, కాన్వెంట్ల కాంపౌండ్లు మాత్రం చాలావరకు అట్లనే ఉన్నాయి. పట్నం నడిమధ్యన అమ్మకానికి లేని నేల అంటే ఎంత అరుదో ఆలోచించండి. అందుకే వీళ్ళు ఇచ్చే మాటకి మామూలు మనిషి ఇచ్చే మాట కంటే బరువు ఎక్కువ అంటాను.

ఇంక నా హాస్టల్ సంగతి. పేర్లు చెప్పను, సభ పేరూ చెప్పను. మేం ఉన్నప్పుడు సుపీరియర్‌గా, అంటే కాన్వెంట్ పెద్దగా ఉన్న సిస్టరమ్మకి నీళ్ళంటే ప్రాణం. ఎండాకాలం వస్తే మనిషికి ఒక బకెట్, అంతే, తలస్నానం రోజు ఒకటిన్నర. స్నానాల గదుల నీళ్ళు కాలవ తీసి అరటి, మునగ చెట్ల పాదుల్లోకి మళ్ళించింది, బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు వేరే కాలవ. గిన్నెలు కడిగే తొట్టి దగ్గర మెతుకులు పడేస్తే ఊరుకునేది కాదు, తినేంతే పెట్టించుకో పాపా, చాలకుంటే మళ్ళీ రా, అనేది. అరటి ఆకులు, కూరగాయల తొక్కులు, ఆవుపేడ అన్నీ గుంతలో వేసి ఎరువు చేసేవాళ్ళం. మెయిన్ గేటు పక్కన పెద్ద చింతచెట్టు ఉండేది, దాని కింద మధ్యాహ్నం పూట చదువుకునేవాళ్ళం, చింతపండు ఏడాదికి సరిపడా దాన్నుంచే వచ్చేది, చింతచిగురు పప్పు చేసిన రోజు ఎవరూ గిన్నెలో మిగిల్చేవాళ్ళు కాదు.

ఆమెకి ట్రాన్స్‌ఫర్ అయింది. తర్వాత వచ్చిన సిస్టరమ్మ కూడా మంచి మనిషే, చదువు మీద గొప్ప శ్రద్ధ, ఆమె వచ్చినాక రిజల్ట్స్ ఎంత పెరిగినాయో మాకు తెలుసు. కానీ ఆమెకి వర్షాకాలం బురద కనిపించింది, బస్సులు తిరగడానికి జాగా చాలకపోవడం కనిపించింది, కాబట్టి ఆవరణ మొత్తం తాడిపత్రి బండలు పరిపించింది, చింతచెట్టు కొట్టించింది, అరటి పాదులు పూడ్చినారు. నీట్‌గా ఉందని పేరెంట్స్ అందరూ మెచ్చుకున్నారు కూడా. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి బోరు ఎండిపోయింది, కొత్త బోరు వేసినారు, అదీ చాలక ట్యాంకర్లు తెప్పించుకున్నారు. బండలే కారణం అని నేను లెక్క కట్టి చెప్పలేను, చుట్టుపక్కల అందరి బోర్లూ కిందికి పోయినాయి ఆ రోజుల్లో. అయినా ఆ ఆవరణలో పడిన వాన మొత్తం గేటు బయట రోడ్డు మీదికి పోవడం నా కళ్ళతో చూసినా, ఒక్క చుక్క లోపల ఇంకలేదు.

ఇక్కడ తప్పు ఆ రెండో సిస్టర్‌ది అని నేను అనడం లేదు, దయచేసి అట్లా చదవద్దండి. మూడేళ్ళకో ఆరేళ్ళకో మనిషి మారే చోట, మంచి పని ఒక మనిషి ఇష్టం మీద నడిస్తే ఆ మనిషి పెట్టె సర్దుకున్న రోజే అది కూడా ఊరు దాటతాది. చింతచెట్టు నిండుగా కాయడానికి పదేళ్ళ పైన పడతాది, అన్నేళ్ళలో సుపీరియర్లు ఎంతమంది మారతారో చూడండి. నేల కింద నీళ్ళు పెరగాలన్నా అంతే, ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా చేయాల. అందుకే సభ మొత్తంగా, కాగితం మీద, ఫలానా ఇల్లు ఫలానా పని చేస్తాది అని మాట ఇవ్వడం నాకు అంత పెద్ద విషయంగా అనిపిస్తా ఉంది. ఆ మాట సిస్టర్ ఫలానా ది కాదు, ఆ ఇంటిది. సిస్టర్ మారినా మాట అక్కడే ఉంటాది. లౌదాతో సీలో కూడా ఈ సంగతి ఉంది, 219వ పేరాలో, మనుషులు విడివిడిగా చేసే మంచి పనులన్నీ కూడితే సరిపోదు, సమాజంగా మనసు మారాల అని రాసినారు. పిన్నికి ఆ పేరా చూపిస్తే, ఇది మా కోసమే రాసినట్టుంది కదమ్మా అనింది.

వాళ్ళ ప్లాన్‌లో ఏముందని అడిగినా. ఎల్ఈడీ బల్బులు, సోలార్, ప్లాస్టిక్ తగ్గించడం, మొక్కలు, పిల్లలకి ఎకో క్లబ్. అన్నీ మంచివే, కానీ పై నుంచి వచ్చిన ఫారంలో ఉండేవి అన్ని దేశాలకీ సరిపోయే మాటలు, మన ఇంటి ప్లాన్ మన నేలని చూసి రాయాల. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన, జైసల్మేర్ తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదే అని చిన్నప్పటినుంచి వింటా ఉన్నాం. అయినా ఆ కొంచెం వాననే లెక్క వేసి చూద్దాం. పదివేల చదరపు అడుగుల స్లాబ్ ఉన్న హాస్టల్ మీద 550 మిల్లీమీటర్లు పడితే ఏడాదికి దాదాపు 5 లక్షల లీటర్లు. ఆవిరై, పొర్లిపోయి, మొదటి వాన మురికి వదిలేసి, ఐదో వంతు పోయిందనుకున్నా 4 లక్షలు, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు 80. పైపులు దించి, గులకరాయి, ఇసక, బొగ్గు వేసిన గుంతలోంచి ఎండిపోయిన బోరు పక్కకో పాత బావిలోకో పంపిస్తే చాలు. కొత్త బోరు వేయడానికి వెయ్యి అడుగులు దింపినా నీళ్ళు పడతాయని గ్యారంటీ లేని జిల్లాలో ఇది ఎందుకు అందరికంటే ముందు రాయరో నాకు అర్థం కాదు. ఎక్కడ బండలు పరిచినారో అక్కడ వరస విడిచి వరస తీసేసి మట్టి వదిలినా ఎంతో మేలు.

ఇంకొకటి, పిన్నితో ఉండే సిస్టర్లలో చాలామంది కేరళ వాళ్ళు. ఏడాదికి 3000 మిల్లీమీటర్ల వాన పడే నేల మీద పుట్టి పెరిగి, దేవుని పిలుపు అని ఇక్కడికి వచ్చి, ఎండకి మొహాలు మాడిపోయినా మన పిల్లలకి పాఠం చెప్పిన వాళ్ళు, వాళ్ళకి నేను ఎంత మొక్కినా తక్కువే. వాళ్ళు అలవాటు కొద్దీ అరటి, కర్రపెండలం వేస్తారు, గార్డెన్‌లో లాన్ పెంచుతారు, ఈ నేలకి ఏం కావాలో చెప్పే మనిషి పక్కన ఉండాల కదా. ప్రతి కాన్వెంట్ వెనకాల పల్లెలో సేద్యం చేసిన ముసలవ్వలు, తాతలు ఉంటారు, ఆయమ్మలుగా, వాచ్‌మెన్‌గా కాన్వెంట్‌లోనే పని చేస్తా ఉంటారు చాలాచోట్ల. ప్లాన్ రాసేటప్పుడు ఆ మీటింగ్‌లో వాళ్ళని కూర్చోబెట్టండి. వేప, కానుగ, చింత, సీతాఫలం, నేరేడు, మునగ, ఏది ఎక్కడ వేస్తే నీళ్ళు పోయకుండా బతుకుతాదో వాళ్ళకి తెలుసు. పేదోళ్ళ మాట వినడం అని లేఖలో ఉండేది ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

తిండి గురించి కూడా అంతే. హాస్టల్ అంటే మూడు పూటలా తెల్లన్నమే అయిపోయింది. రాగిసంగటి, కొర్రన్నం, జొన్నరొట్టె, ఉలవచారు మన నేల తిండి, తక్కువ నీళ్ళతో పండేవి. వారానికి రెండు రోజులు హాస్టల్ పిల్లలకి ఇవి పెట్టి, ఆ కొర్రలు, రాగులు పక్క పల్లెల రైతుల దగ్గరే కొంటే, శెనక్కాయ వేసి వేసి నష్టపోయిన మనిషికి ఇంకో పంట వేసే ధైర్యం వస్తాది. రెండొందల మంది పిల్లలున్న హాస్టల్ ఏడాది పొడుగునా కొంటాది అంటే అది చిన్న మార్కెట్ కాదు. అమ్మాయిల హాస్టళ్ళలో ప్యాడ్ల చెత్త గురించి ఎవరూ నోరు విప్పరు, దాన్ని కూడా సిస్టర్లే మొహమాటం లేకుండా ఆ ప్లాన్‌లో రాయాల, ఆడపిల్లలతో ఆ మాట మాట్లాడగలిగేది వాళ్ళే.

సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 వరకు సృష్టి కాలం అని ప్రపంచమంతా జరుపుతారు. ఐరోపా వాళ్ళకి అది ఆకులు రాలే ముందు కాలం, మనకి మాత్రం నిజంగా సృష్టి కాలమే, ఎందుకంటే అనంతపురంలో వాన బాగా పడే నెల సెప్టెంబరే, మొక్క నాటితే బతికే నెల అదే. జూన్ 5న పర్యావరణ దినం అని ఫోటో కోసం నాటిన మొక్క జులై గాలికి ఎండిపోతా ఉంటాది, చాలా స్కూళ్ళలో చూస్తా ఉన్నాం. మన ఆరోగ్యమాత, అంటే వేళాంకణ్ణి మరియమ్మ పండగ సెప్టెంబర్ 8న వస్తాది, సృష్టి కాలంలోనే. తేరు, నవదిన ప్రార్థనలు, అన్నదానం, వేలమంది జనం. మరుసటి రోజు పొద్దున ఆ మైదానం చూస్తే థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, గాలికి చిరిగిన ఫ్లెక్సీలు. ఏ ఊరు అని చెప్పను, అన్ని మతాల పండగల్లోనూ ఇదే జరుగుతా ఉంది. కానీ అమ్మ పేరు మీద చేసే పండగలో అమ్మ చేతికిచ్చేది ఆ చెత్త కాకూడదు అని నాకు గట్టిగా ఉంది. విస్తరాకులు, స్టీల్ గ్లాసులు, గుడ్డ బ్యానర్లు, మంచినీళ్ళ డ్రమ్ములు, సిస్టర్లు ఒక్క ఏడాది పట్టుబట్టి చేయిస్తే తర్వాత విచారణ జనమే చేసుకుంటారు, సిస్టరమ్మ చెప్పిందంటే మన ఊర్లలో దానికుండే విలువే వేరు.

ఇదంతా కొత్తది అనుకోవద్దు కూడా. అనంతపురం వాళ్ళకి విన్సెంట్ ఫెర్రర్ గారిని పరిచయం చేయాల్నా. బార్సిలోనాలో 1920లో పుట్టి, జెస్విట్ అనే కాథలిక్ సభ సభ్యుడిగా ఇండియాకి వచ్చి, మహారాష్ట్రలో పని చేసి, 1969లో అనంతపురం చేరినారు. మరుసటి ఏడాదే జెస్విట్ సభ వదిలేసినారు, అది నిజం, కానీ ఆయన చేసిన పనిలో ఆ పునాది పోలేదని నా నమ్మకం. కరువు జిల్లాలో బావులు తవ్వడం, వాన నీళ్ళని ఆపి నేలలోకి ఇంకించడం, చెట్లు, దళితవాడల్లో ఇండ్లు, బత్తలపల్లి ఆసుపత్రి, ఒకదానికొకటి విడిగా చూడలేదు ఆయన. 2009 జూన్ 19న పోయినప్పుడు జిల్లా ఎట్లా ఏడ్చిందో మా ఇంట్లో అందరికీ గుర్తే. ఇంక ప్రాణాలే ఇచ్చిన సిస్టర్లు కూడా ఉన్నారు. బ్రెజిల్‌లో అమెజాన్ అడవి కోసం, భూమి లేని రైతుల కోసం నిలబడిన సిస్టర్ డొరతీ స్టాంగ్‌ని 2005 ఫిబ్రవరి 12న కాల్చి చంపినారు, అప్పటికి ఆమెకి 73 ఏళ్ళు. మన దేశంలోనే జార్ఖండ్‌లో, బొగ్గు గనుల కింద భూములు పోతా ఉన్న ఆదివాసీల పక్కన నిలబడిన సిస్టర్ వల్సా జాన్‌ని 2011 నవంబర్‌లో చంపినారు. వీళ్ళ పేర్లు మన కాన్వెంట్ స్కూళ్ళ పిల్లలకి తెలియవు, ఎకో క్లబ్‌లో మొట్టమొదట చెప్పాల్సిన పాఠం ఇదే కదా.

లౌదాతో సీలో నాకు చాలా ఇష్టమైన చోటు 12వ పేరా. పునీత ఫ్రాన్సిస్ మఠం తోటలో కొంత భాగాన్ని ఎప్పుడూ దున్నకుండా, ఏమీ నాటకుండా వదిలేయమని అడిగేవాడంట, అడవి పూలు, గడ్డి వాటంతటవే పెరగాలని. మనకైతే ఆ మూలలో తంగేడు, రేగు, ఉమ్మెత్త, తుమ్మ వస్తాయి, తొండలు, పిచ్చుకలు, కముజు పిట్టలు చేరతాయి. చూసేవాళ్ళు పాడుబెట్టినారు అంటారు. కాంపౌండ్ ఇంత పెద్దగా ఉన్న కాన్వెంట్ ఒక పది సెంట్లు అట్లా వదిలి, బోర్డు పెట్టి, ఇది కావాలనే వదిలినాం అని రాస్తే ఎంత బాగుంటాదో.

పిన్నికి చివరగా ఒకటి చెప్పినా, ఆమెకి అది బాగా నచ్చింది. ప్రతి కాన్వెంట్‌లో హౌస్ క్రానికల్ అని ఒక పెద్ద బుక్కు ఉంటాది, ఎవరు వచ్చినారు, ఎవరు పోయినారు, ఏ పండగ ఎట్లా జరిగింది అని తేదీల వారీగా రాస్తా ఉంటారు, సుపీరియర్ మారినా ఆ బుక్కు మారదు. అందులోనే ఇంకో మూడు సంగతులు రాయండి అన్నా. వాన పడిన రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడింది, నెలకోసారి బోరులో, బావిలో నీళ్ళు ఎన్ని అడుగుల కింద ఉన్నాయి, ట్యాంకర్లు ఎన్ని తెప్పించినారు. చెట్టు కొట్టాల్సి వస్తే ఎందుకు కొడుతున్నారో, ఎవరెవరు ఒప్పుకున్నారో సంతకాలతో అక్కడే రాయండి, చార్జి ఇచ్చేటప్పుడు బీరువా తాళాలు, స్కూలు అకౌంట్లతో పాటు ఆ పేజీలు కూడా చదివి అప్పజెప్పండి. ఇరవై ఏళ్ళ తర్వాత అనంతపురం, కర్నూలు, కడప కాన్వెంట్ల క్రానికల్స్ ఒకచోట పెడితే ఏ ఊర్లో నీళ్ళు ఎట్లా దిగిపోయినాయో, ఎక్కడ మళ్ళీ పైకి వచ్చినాయో ఊరి పేరుతో సహా తెలుస్తాది.

వచ్చే ప్రొవిన్స్ మీటింగ్‌లో, అంటే ఈ ప్రాంతంలోని వాళ్ళ సభ ఇళ్ళన్నిటి మీటింగ్‌లో పెడతానని చెప్పింది పిన్ని, ప్రొవిన్స్ పెద్ద అయిన ప్రొవిన్షియల్ ఒప్పుకుంటే ముందు నాలుగు ఇళ్ళలో మొదలుపెడతారంట. వాన కొలిచే గేజ్‌లు నేను కొనిస్తానన్నా. మీలో ఎవరైనా సిస్టర్ల హాస్టళ్ళలో, ఫాదర్ల బోర్డింగుల్లో చదివినోళ్ళు ఉంటే, ముఖ్యంగా గుత్తి, ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు, రాయచోటి వైపు వాళ్ళు, మీ పాత హాస్టల్‌కి ఒకసారి పోయి బోరు ఎన్ని అడుగులు ఉందో, స్లాబ్ మీద నీళ్ళు ఎక్కడికి పోతా ఉన్నాయో చూసి రండి, గేజ్ కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి.